మామ్మ చెంబు మీద రెండు అక్షరాలు

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన నెల మా మామ్మ చనిపోయింది. తొంభై మూడేళ్లు. పెద్దకర్మకి పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన వేయిద్దామని నాన్న కాగితం మీద వివరాలన్నీ రాసి పంపితే, పుట్టిన ఊరు రంగూన్ అని ఉన్నచోట ప్రకటన తీసుకున్న కుర్రాడు ఆగి, ఫోన్ చేసి "ఇది ఏ మండలం సార్?" అని అడిగాడు. అది మండలం కాదు, బర్మాలో ఊరని నాన్న చెప్పాడు, ఆ అబ్బాయి సారీ చెప్పి సరిచేసుకున్నాడు, ప్రకటన చక్కగానే వచ్చింది. అతన్ని తప్పు పట్టడం లేదు, ఈ ఇంట్లో పుట్టకపోతే నాకూ తెలిసేది కాదు. కానీ ఆ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ఒక ఫొటో, నాలుగు లైన్ల పెట్టెలో మామ్మ పట్టలేదండీ. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది. కోయాల్సి వస్తే ఇంకెక్కడైనా కోయండి గానీ చెంబు గురించి రాసింది మాత్రం ఉంచండి, అసలు రాస్తున్నది దానికోసమే.

మాది సోంపేట దగ్గర ఉద్దానం ఊరు. మా వైపు పాతవాళ్లు రంగూన్ అనరు, రంగం అంటారు. వర్షాలు లేక పంట పోయిందంటే మగాళ్లు ఒడిశా వైపున్న గోపాల్‌పూర్ రేవుకో, విశాఖపట్నానికో పోయి స్టీమరెక్కి రంగం వెళ్లిపోయేవారు. ఓడల్లో బస్తాలు మోయడం, రైస్ మిల్లుల్లో పని, రిక్షా లాగడం, అక్కడ మనవాళ్ల బతుకులు అవే. తెలుగువాళ్లందర్నీ అక్కడ కొరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరున్న కోరంగి రేవు పేరు మీద. మా ముత్తాత కోరంగి మొహం ఎప్పుడూ చూడలేదు, అయినా ఆయనా కొరంగీయే. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల బదులు బర్మావాళ్లని పనిలో పెట్టుకుని, సమ్మె తీరాక వాళ్లని పొమ్మన్నారు. దాంతో పెద్ద గొడవలై రంగూన్ వీధుల్లో మనవాళ్లు చాలామంది చచ్చిపోయారు. ముత్తాత అప్పుడు మిల్లులో ధాన్యం బస్తాల వెనక రెండు రోజులు దాక్కున్నాడట. అయినా తిరిగి రాలేదు. ఇంటికొచ్చి ఏం తింటారు? ఆ మిల్లు లైన్లోనే 1932లో మామ్మ పుట్టింది.

మామ్మకి తొమ్మిదేళ్లప్పుడు, 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ రోజు జనం దాక్కోవాలని తెలియక రోడ్ల మీదికొచ్చి పైకి చూస్తూ నిలబడ్డారట. మామ్మ కూడా నిలబడింది. "ఎండలో సేపల్నాగ మెరిసినాయే గుంటా, ఎంత బావున్నాయో" అనేది. ఆ మాట దగ్గర ప్రతిసారీ గొంతు మారేది, ఎందుకంటే పక్కన నిలబడి చూసిన పిల్ల మళ్లీ లేవలేదు.

అక్కడి నుంచి నలుగురూ బయల్దేరారు. అమ్మ, నాన్న, మామ్మ, రెండేళ్ల తమ్ముడు. మొదట ప్రోమ్ వైపు నడిచారు. ఆ దారిన కొండలు దాటితే అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కి పోవచ్చు. కానీ రేవులో పని ఆగిపోతుందని కూలీలని ప్రభుత్వం వాళ్లే వెనక్కి తిప్పేశారు. బాంబులు పడే ఊరికి మళ్లీ నడిచి రావడం ఎలా ఉంటుందో ఆలోచించండి. తర్వాత ఎలాగో రైలు దొరికి మాండలే, కొన్నాళ్లకి అక్కడి నుంచి మొనివా, పడవ మీద చింద్విన్ నదిలో కలేవా. వీళ్లు మాండలే వదిలిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 3న, ఆ ఊరు కూడా బాంబులకి కాలిపోయింది. కలేవా నుంచి ఇక రైలూ లేదు, పడవా లేదు. కబా లోయ. టేకు అడవి. నడకే.

ఆ నడక గురించి మామ్మ చెప్పిన పద్ధతి వేరు. ఏడుస్తూ చెప్పేది కాదు, వంట చెప్పినట్టు చెప్పేది. ముందు వెండి పారేశారు, బరువని. తర్వాత గిన్నెలు పారేశారు. తర్వాత దుప్పట్లు. "సివరాకరికి మనుసులే మిగిల్నారు పారీడానికి." దారి పక్కన చెట్లకి ఆనుకుని కూర్చున్నవాళ్లు నిద్రపోతున్నారో పోయారో తెలిసేది కాదట. కలరా. తాము అని సరిహద్దు దగ్గర బర్మా ఊరు, అది దగ్గర పడుతోందనగా ఒక సాయంత్రం మామ్మ వాళ్ల అమ్మకి పట్టుకుంది. రాత్రంతా నీళ్లు, నీళ్లు అంది. వాగు వెనకెక్కడో ఉండిపోయింది, ముందు ఎక్కడుందో తెలియదు, ముత్తాత చీకట్లో నీళ్లకి వెళ్లి దారి తప్పి తెల్లారాక గానీ రాలేదు.

అప్పుడు పక్కన పడుకున్న గుంపులోంచి ఒకావిడ లేచి వచ్చింది. తెలుగావిడే, కానీ మా మాట కాదు, గోదావరి మాట. ప్రతిదానికీ "ఆయ్" అనేది. ఆవిడ దగ్గర ఇత్తడి చెంబులో అడుగున కొంచెం నీళ్లున్నాయి, అవి తన పిల్లల కోసం దాచుకున్నవి. ఆ నీళ్లు పట్టుకొచ్చి, మామ్మ వాళ్ల అమ్మ తల తన ఒళ్లో పెట్టుకుని పోసింది. కలరా మనిషిని ఒళ్లో పెట్టుకోవడమంటే ఏమిటో ఆ దారిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. తెల్లవారేసరికి అమ్మ పోయింది. గొయ్యి తియ్యడానికి పలుగూ లేదు, ఒంట్లో శక్తీ లేదు, టేకాకులు కప్పారు. టేకాకు ఎంత పెద్దదో మీకు తెలుసు కదా, "ఎనిమిది ఆకులు సరిపోనాయి" అనేది మామ్మ. ఆ ఎనిమిది అన్న లెక్క నేను మర్చిపోలేను.

ఆవిడే తమ్ముణ్ణి మామ్మ వీపుకి అమ్మ చీరతో కట్టింది. ఖాళీ చెంబు చేతికిచ్చి "బుడ్డోడికి గంటకోసారి నీళ్లు పట్టు, నువ్వు తాగకపోయినా పట్టు, ఆయ్?" అంది. తాము ఊరు దాటి కొండలెక్కి, మణిపూర్‌లో పల్లెల్ అనే ఊరి దాకా కలిసే నడిచారు. పల్లెల్ దగ్గర లారీల్లో ఎక్కిస్తున్న తొక్కిసలాటలో ఆవిడ వాళ్లు వేరే లారీలో వెళ్లిపోయారు. మళ్లీ కనపడలేదు. పేరు అడగలేదు, తొమ్మిదేళ్ల పిల్లకి ఏం తోస్తుంది? మామ్మ బతుకంతా ఆవిడని "ఆయ్ పిన్ని" అనే అంది.

దీమాపూర్‌లో అప్పట్లో మణిపూర్ రోడ్ అనే స్టేషన్ ఉండేది, అక్కడ రైలెక్కి కలకత్తా మీదుగా ఊరికొచ్చారు. వచ్చేసరికి ఇక్కడ మళ్లీ బాంబుల గొడవే, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి కదా, జనం పట్నం వదిలి పల్లెలకి పారిపోయి వస్తున్నారు. బర్మా నుంచి అలా నాలుగైదు లక్షల మంది నడిచొచ్చారని చరిత్ర రాసినవాళ్ల అంచనా. దారిలో పోయినవాళ్ల సంఖ్య పదివేలన్నవాళ్లున్నారు, లక్ష దాకా అన్నవాళ్లూ ఉన్నారు. పదివేలకీ లక్షకీ మధ్య ఎంత తేడానో చూడండి. ఆ తేడాలో ఎక్కడో మా ముత్తవ్వ ఉంది. విశాఖలో బర్మా క్యాంపు ఉంది, అది నిజమే, కానీ అది 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కాక వెళ్లగొడితే వచ్చినవాళ్లది. 1942లో కాళ్ల మీద వచ్చినవాళ్లు ఎవరి ఊరికి వాళ్లు పోయి, ఎవరి చేలో వాళ్లు దిగిపోయారు.

ఇదంతా చదివి మామ్మ ఎప్పుడూ దిగాలుగా కూర్చునేదనుకోకండి. అలా ఉండే మనిషే కాదు. కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. నలభై దాటాక మా చిన్నాన్న సైకిలు మీద నేర్చుకుని, చీర గోచీ పోసి కట్టి, కొబ్బరికాయల బస్తా వెనక వేసుకుని సోంపేట సంతకి వెళ్లేది. ఊరు నోరు నొక్కుకుంది, ఆవిడ బెల్లు నొక్కుకుంటూ పోయింది. చిన్నాన్న పదో తరగతి తప్పి చెప్పకుండా ఖరగ్‌పూర్ పారిపోతే, ఒక్కతే రైలెక్కి పోయి, ఆ రైల్వే కాలనీల్లో మన తెలుగువాళ్ల ఇళ్లన్నీ అడుగుతూ మూడో రోజుకి పట్టుకొచ్చింది, కొట్టలేదు, దారి పొడుగునా పల్లీలు కొనిపెట్టింది. ప్రతి శివరాత్రికీ మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కేది. 1501 మీటర్ల కొండ, పైన భీముడి గుడి, కుంతి గుడి ఉంటాయి. నన్ను పదకొండో ఏట తీసుకెళ్లింది. సగంలో నేను కూలబడితే బతిమాలలేదు, తిట్టలేదు, పక్కన కూర్చుని చెంబులో నీళ్లు ఇచ్చింది. "ఆయాసం పోయీదాక కూకో. పోయాక లెగు. ఏటుంది ఇందల?" నాకు తర్వాత ఉద్యోగంలో, పెళ్లిలో, కాన్పులో ఎంత టెన్షన్ వచ్చినా మనసులో తిరిగింది ఆ మాటే. తిత్లీ తుపాను రాత్రి, 2018 అక్టోబరులో, ఎనభై ఆరేళ్ల మనిషి మా డాబా తలుపులు తీసి వీధిలో పాకలవాళ్లందర్నీ లోపలికి పిలిచి, తెల్లారేసరికి కొబ్బరిచెట్లన్నీ పడిపోయి ఉంటే వాటివైపు చూడకుండా గంజి కాచింది.

కానీ మామ్మ చేసిన అన్నిటికన్నా పెద్ద సాహసం 2014 ఫిబ్రవరిలో జరిగింది, అందులో నేనూ ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అప్పటికి ఎనభై రెండు. "నన్ను తాము తీసుకెళ్లు" అంది నాతో. నాన్న ఒప్పుకోలేదు, డాక్టరు ఒప్పుకోలేదు, చినతాత, అంటే వీపు మీద వచ్చిన ఆ తమ్ముడే, "వద్దప్పా, ఏటుంది అక్కడ" అని ఏడ్చాడు. "ఆ దారిని నడిసొచ్చినదాన్ని, రైల్లో కూకోడానికి కట్టమేటి?" అంది. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

పలాసలో ఎక్కి హౌరా, అక్కడి నుంచి గౌహతి, దీమాపూర్. దీమాపూర్ ప్లాట్‌ఫామ్ మీద దిగి చాలాసేపు అటూ ఇటూ చూసింది, ఏదీ గుర్తుపట్టలేదు. అక్కడి నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్‌కి సుమోలో. తాముకి ఇవతల, మన వైపున్న సరిహద్దు ఊరు మోరే. ఇంఫాల్ నుంచి నూట పది కిలోమీటర్లుంటుంది. పల్లెల్ దాటాక కొండ మొదలవుతుంది. అక్కడ మాత్రం సుమో అద్దం దించమని, తల బయట పెట్టి చూస్తూనే ఉంది. అస్సాం రైఫిల్స్ వాళ్లు దించి సంచులు విప్పించారు, చీరలో చుట్టిన పాత చెంబుని ఒక జవాను తిప్పి తిప్పి చూసి, మామ్మ మొహం చూసి, మళ్లీ చుట్టి ఆవిడ చేతికే ఇచ్చాడు.

మోరేలో మాకు ఇడ్లీ దొరికింది. నమ్మరు గానీ నిజం. బర్మా నుంచి 1960ల్లో వచ్చేసిన తమిళులు కొందరు మళ్లీ అటే పోదామని బయల్దేరి, సరిహద్దు దాటలేక ఆ ఊళ్లో ఉండిపోయారు. అంగాళపరమేశ్వరి అమ్మవారికి గోపురంతో పెద్ద గుడి కట్టుకున్నారు, సంఘం పెట్టుకున్నారు. ఆ తమిళ బామ్మలతో మామ్మ బర్మా మాటలు మాట్లాడింది. అప్పటిదాకా నాకు తెలిసిన బర్మా భాషంతా మామ్మ కొబ్బరికాయలు లెక్కపెట్టే "తిట్, నిట్, తౌన్, లే, ఙా" ఒక్కటే. ఆ రోజు డెబ్బై రెండేళ్ల కిందటి భాష, తొమ్మిదేళ్ల పిల్ల భాష, నోట్లోంచి అలా వచ్చేస్తుంటే నేను పక్కన నిలబడి వింటూ ఉండిపోయాను.

మర్నాడు సరిహద్దు గేటు దగ్గర కార్డు చూపించి రోజు చీటీ తీసుకుని అవతలికి వెళ్లాం, సాయంత్రంలోగా వచ్చేయాలి. ఆటోలో తాము ఊరికి. బజారులో తనకా అమ్మే ఒకావిడ కూర్చుంది. అది ఒక చెట్టు బెరడు, రాతి మీద నీళ్లు చిలకరించి అరగదీస్తే మన గంధంలా లేత పసుపు ముద్ద వస్తుంది, అక్కడి ఆడవాళ్లందరి బుగ్గల మీదా అదే. మామ్మ "సా పీ బి లా" అంది, తిన్నావా అని. ఆవిడ నవ్వేసి తన రాయి ముందుకు జరిపింది. మామ్మ వేలితో తీసి ముందు నా రెండు బుగ్గలకీ రాసింది, తర్వాత తనకి రాసుకుంది. చల్లగా ఉంది. "మాయమ్మ రోజూ ఇలాగే రాసీది" అంది. అంతకుముందు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఊరు దాటే చోట ఆటో ఆపించింది. కలేవా వైపు పోయే రోడ్డు అది, తాము, కలేవా, కలేమ్యో ఊళ్లని కలిపే ఆ 160 కిలోమీటర్ల రోడ్డు మన సరిహద్దు రోడ్ల సంస్థే వేసింది. మామ్మ చెప్పులు విప్పి తారు రోడ్డు మీద నిలబడి "ఇదేటి, ఇంత సాపుగా ఉంది" అంది. అమ్మ పోయిన చోటు ఏదో గుర్తుపట్టే వీలే లేదు, వెతకలేదు కూడా. నా బాటిల్లో నీళ్లు చెంబులో పోయమంది. రోడ్డు దిగి, ఎండిన టేకాకుల మీద, వాళ్లు నడిచొచ్చిన దిక్కుకి తిరిగి, చెంబుడు నీళ్లూ నెమ్మదిగా నేల మీదికి వదిలింది. మధ్యలో ఆపలేదు, మంత్రం లేదు, పేరు పలకలేదు. ఆడపిల్ల తర్పణం ఇవ్వకూడదని ఊళ్లో చెప్పారట ఎప్పుడో. ఆ నీళ్లు ఆకుల మీద పడ్డ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. తర్వాత బాటిల్లో మిగిలినవి మళ్లీ చెంబులో పోయించుకుని, ఇంకోసారి వదిలింది. "ఇవెవరికి మామ్మా?" అన్నాను. "ఆయ్ పిన్నికి. ఈపాటికి బతికుండదు కదా" అంది.

2023 మేలో మణిపూర్ అల్లర్లలో మోరేలో ఇళ్లు తగలబడ్డాయని టీవీలో వచ్చినప్పుడు మామ్మకి తొంభై ఒకటి. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇడ్లీ పెట్టిన బామ్మలు ఏమయ్యారో కనుక్కోమని నన్ను రోజూ అడిగేది. నేను కనుక్కోలేకపోయాను, ఆ బాధ నాకు ఉండిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ దారిన చిన్నపిల్లలుగా నడిచొచ్చినవాళ్లు ఎవరైనా ఇంకా ఉంటే తొంభైకి అటూ ఇటూ ఉంటారు. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా ఏ ఊళ్లో వెతికినా ఒకరో ఇద్దరో తప్పకుండా ఉంటారని నా నమ్మకం. మీకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నాడు. దయచేసి వాళ్ల దగ్గరికి పంపండి. ఫొటో తీసి, ఏ దారిన వచ్చారో, ఎవరితో వచ్చారో, ఎవర్ని వదిలి వచ్చారో వాళ్ల మాటల్లోనే రాయించండి. రోజుకొకటి వేసినా సరే. వాళ్లకి జ్ఞాపకాలు బాగానే ఉంటాయి, అడిగేవాళ్లే లేరు. మామ్మని నేను అడిగాను కాబట్టి ఇంత తెలిసింది, అయినా అడగాల్సినవి ఎన్ని మిగిలిపోయాయో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

రెండోది పాఠకులకి, ముఖ్యంగా కాకినాడ, కోరంగి, యానాం, అమలాపురం వైపు వాళ్లకి. మీ ఇంట్లో బర్మా నుంచి నడిచొచ్చిన మామ్మగానీ అమ్మమ్మగానీ ఉండి, దారిలో ఎవరో శ్రీకాకుళం మనిషి కలరాతో పోతే నీళ్లు పోశానని, ఆవిడ కూతురు తమ్ముణ్ణి వీపుకి కట్టుకుని నడిచిందని, ఆ పిల్లకి చెంబు ఇచ్చానని ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఈ పత్రిక చిరునామాకి ఒక్క ఉత్తరం రాయండి. ఆ బుడ్డోడు బతికాడు. హైస్కూల్లో లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యాడు, ఆరేళ్ల కిందట పోయాడు. ఆయన పిల్లలూ మనవలూ, మామ్మ పిల్లలూ మేమూ కలిపి ముప్ఫై ఒక్కమందిమి ఉన్నాం.

చెంబు మా దగ్గర భద్రంగా ఉంది. ఇత్తడిది, శేరు నీళ్లు పడతాయి, అంచు దగ్గర ఒకచోట సొట్ట. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన రెండు అక్షరాలు, పా. సూ. అని, వాటి పక్కన చిన్న చేప బొమ్మ.

ఇట్లు,
ఒక మనవరాలు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా